తెల్ల ఇసుక మీద నీరెండ

ఈ కార్తీకంలో వనభోజనాలు వైట్ శాండ్స్‌లో పెట్టుకుందామని మన కార్యవర్గం అనుకున్నప్పటి నుంచీ కనపడిన వారల్లా మమ్మల్ని ఒకటే అడుగుతున్నారు. "అక్కడ పొద్దుగూకే వేళ ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాయటగా, ఎలా తీయాలో కాస్త చెప్పకూడదూ?" అని. సంపాదకులు కూడా వదలలేదు. ఒక్క ఫోటో కూడా వేసే వీలులేని ఈ పుటల్లో ఫోటోల గురించి రాయడమంటే, ఏకాదశి ఉపవాసం నాడు పులిహోర ఎలా కలపాలో చెప్పడమే. అయినా ఒప్పుకున్నాము. మేము నిపుణులం కాము. మాకున్న అర్హత ఒక్కటే. అక్కడ తీయకూడని విధంగా ఫోటోలు తీసి, దాని ఫలితం ఎనిమిదేళ్ళు అనుభవించాము.

ముందు ఆ చోటు సంగతి. మన ఎల్ పాసో నుంచి సుమారు వంద మైళ్ళు. న్యూ మెక్సికో రాష్ట్రంలో తులరోసా లోయ అని ఒకటుంది. పడమట శాన్ ఆండ్రెస్ కొండలు, తూర్పున శాక్రమెంటో కొండలు, నడుమ 275 చదరపు మైళ్ళ తెల్లటి ఇసుక దిబ్బలు. కొన్ని దిబ్బలు అరవై అడుగుల దాకా ఉంటాయి. మామూలు ఎడారి ఇసుక చాలావరకు పలుగురాతి పొడి. ఇది మాత్రం జిప్సం. జిప్సానికి నీళ్ళలో కొద్దికొద్దిగా కరిగే గుణం ఉంది కనుక, ఎక్కడైనా వానలూ ఏళ్ళూ దాన్ని మెల్లగా సముద్రానికి చేర్చేస్తాయి. ఈ లోయలో నుంచి బయటికి పోయే ఏరు లేదు. కొండల మీద నుంచి కరిగి వచ్చిన జిప్సం లూసెరో అనే సరస్సులోనూ, దాని పక్కనున్న బయలులోనూ నీరు ఇగిరిపోగా పలుకులై మిగులుతుంది. ఆ పలుకులు ఎండకూ చలికీ చిట్లి, పొడై, గాలికి కొట్టుకొచ్చి దిబ్బలు కడతాయి. కొన్ని దిబ్బలు ఏడాదికి ముప్ఫై అడుగుల దాకా ఈశాన్యానికి జరుగుతాయి. 1933లో దీన్ని జాతీయ స్మారక స్థలంగా ప్రకటించారు. 2019 డిసెంబరు 20 నుంచి నేషనల్ పార్కు అయింది.

మేము మొదటిసారి వెళ్ళింది 1986 అక్టోబరులో. ఆ ఏడు నాయన అమెరికా వచ్చాడు. మాలో ఒకరికి తండ్రి, ఇంకొకరికి మామగారు. ఇద్దరమూ నాయన అనే పిలిచేవాళ్ళము. అనంతపురం జిల్లాలో మెట్ట సేద్యం, చెనిక్కాయ పైరు తప్ప వేరే ప్రపంచం తెలియని మనిషి. మా ఊళ్ళోని పెద్ద దుకాణాలు చూపించాము, రోడ్లు చూపించాము. దేనికీ "ఊ" అన్నాడే గాని కన్ను తిప్పి చూడలేదు. వైట్ శాండ్స్‌లో కారు దిగి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు. మధ్యాహ్నం మూడు గంటల ఎండ. "కాలు కాలదేమిరా?" అన్నాడు. జిప్సం పలుగురాతి ఇసుకలా వేడెక్కదు, అందుకని. అప్పుడు చెప్పాము, నాయనా ఇది ఇసుక కాదు, జిప్సం అని.

నమ్మలేదు. గుప్పెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. నాలుక కొసన పెట్టుకుని చూశాడు. "అవు, జిప్సమే" అన్నాడు మెల్లగా.

వేరుశనగ పండించే వాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది. ఊడలు దిగే సమయంలో మొదళ్ళ దగ్గర జిప్సం వేయకపోతే కాయలో గింజ గట్టిపడదు, తాలు పోతుంది. ఎకరాకు 200 కిలోలు వేయాలంటారు, అంటే నాలుగు మూటలు. "మనకాడ నాలుగు మూట్లు చల్లల్లంటే అప్పు జేయల్ల. ఈడ జూడు, దేవుడు దిబ్బలు దిబ్బలు పోసి పెట్టినాడు" అని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. గాలికి ఏర్పడిన ఇసుక మడతలు చూసి, "గొర్రు తోలినట్టుంది గదా, సాలు ఎంత నేరుగా ఉండాదో!" అన్నాడు. తర్వాత కండువా కొసకు రెండు గుప్పెళ్ళు మూటగట్టుకున్నాడు. ఊళ్ళో చూపిస్తాడట. లేకపోతే ఎవరూ నమ్మరట.

అక్కడి ఇసుక బయటికి తీసుకుపోకూడదు. చట్టం ఒప్పుకోదు. ఆ మాట ఆయనకు చెప్పక తప్పలేదు. "ఫోటోలు తీసిస్తాము నాయనా, అవే చూపించు" అన్నాము. ఏమీ మాట్లాడకుండా ముడి విప్పి, తీసిన చోటనే పోసి, కండువా రెండుసార్లు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే, పోటోలు బాగా తియ్యండి" అన్నాడు.

మా దగ్గర అప్పుడు పెంటాక్స్ కె-1000 కెమేరా, 36 ఫోటోల కోడాక్రోం 64 స్లైడ్ ఫిల్ము ఉన్నాయి. సాయంత్రం దాకా ఆగాము. సాయంత్రపు ఎడారి అంటే మా మనసులో ఉన్న బొమ్మ క్యాలెండర్లలో చూసినదే. ఎర్రటి సూర్యబింబం, దాని ముందు నల్లటి గీతలా దిబ్బ. దిబ్బ అంచు చెడుతుందని నాయనను దూరంగా ఒకచోట కూర్చోబెట్టాము. అటు నడవొద్దని గట్టిగా కేకలు కూడా వేశాము. అడుగుజాడలు పడతాయని మా బాధ. ఆయన గంటసేపు పిల్లవాడిలా కూర్చున్న చోటనే కూర్చున్నాడు. ఫిల్ము అయిపోవచ్చే ముందు గుర్తొచ్చి, సూర్యుడికి అడ్డంగా నిలబెట్టి నాలుగు తీశాము. మిగిలిన ముప్ఫైరెండూ ఆకాశమూ, ఇసుకానూ.

స్లైడ్లు పోస్టులో వచ్చాయి. గోడ మీద దుప్పటి కట్టి చూసుకున్నాము. సూర్యుడి వైపు తిరిగి తీసినవాటిలో ఆకాశం కుంకుమ పారబోసినట్టుంది, కింద సగం తారు. ఇసుకను తీసినవాటిలో ఇసుక బూడిద రంగులో సిమెంటు గోడౌను నేలలా ఉంది. నాలుగింటిలో నాయన ఉన్నాడు. ఉన్నాడంటే, ఒక నల్లని ఆకారం, తలపాగా ఉన్నందువల్ల ఆయనే అని గుర్తు. ముఖం లేదు. కింద ఉన్నది తెలుపో నలుపో తెలియదు.

ఆ నాలుగే ప్రింట్లు వేయించి నాయనతో పంపాము. ఊరికి పోయి కట్ట మీద కూర్చుని అందరికీ చెప్పాడట, అమెరికాలో జిప్సం ఎడారి ఉంది, మిద్దెలంత ఎత్తు దిబ్బలు అని. ఫోటోలు చేతులు మారాయి. ఒకాయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మన చిత్రావతి ఏట్లో తీసినట్టుండాదే! అమెరికా పోయొచ్చి పెద్దాయన కోతలు కోస్తాండాడు" అన్నాడట. నాయన నవ్వేశాడట. తర్వాత ఎవరితోనూ ఆ ఊసెత్తలేదని అమ్మ ఉత్తరంలో రాయించింది. 1991లో ఆయన పోయేదాకా ఊళ్ళో "జిప్సం" అన్న మాట ఆయన్ని ఆట పట్టించడానికి పనికొచ్చింది.

ఇందులో కెమేరా తప్పేమీ లేదు. మాదే. ఏం తప్పు చేశామో తర్వాత మెల్లగా తెలుసుకున్నాము. అది చెప్పడానికే ఈ వ్యాసం.

కెమేరాలో వెలుతురు కొలిచే మీటరు ఉంటుంది చూడండి, అది లోకమంతా చామనచాయ అని నమ్మిన మనిషి లాంటిది. మల్లెపువ్వు చూపించినా చామనచాయే, బొగ్గు చూపించినా చామనచాయే. మీద పడిన వెలుగులో సుమారు 18 శాతాన్ని తిరిగి విసిరే బూడిద రంగును నడిమి రంగుగా పెట్టుకుని దాన్ని తయారు చేశారు. తెల్ల ఇసుక ముందు నిలబెడితే, అమ్మో వెలుతురు ఎక్కువైంది అనుకుని తగ్గించేస్తుంది. మేమేమో సూది మధ్యకు వస్తే చాలుననుకున్నాము. వచ్చింది. ఇసుక బూడిద రంగయింది. తెల్ల ఇసుక తెల్లగా రావాలంటే మీటరు చెప్పిన దానికంటే ఒక స్టాపు నుంచి రెండు స్టాపుల దాకా వెలుగు ఎక్కువ ఇవ్వాలి. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు. ఇప్పటి ఫోన్లలోనూ ఇదే జబ్బు కొంత ఉంది. తెర మీద ఇసుక ఉన్నచోట వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరిపితే సరిపోతుంది. మరీ ఎక్కువ జరిపితే ఇసుక మీది మడతలన్నీ మాయమై తెల్ల కాగితం మిగులుతుంది. మడతలు కనపడుతూ తెల్లగా ఉండే చోట ఆగాలి.

రెండో తప్పు సూర్యుణ్ణి ఫోటో తీయడం. సూర్యుడు ఎక్కడైనా ఒకటే, మన ఊళ్ళోనూ ఉన్నాడు. వంద మైళ్ళు పోయింది ఇసుక కోసం కదా! ఇసుక ఏం చేస్తున్నదో చూడాలంటే సూర్యుడు మనకు పక్కనో వెనకనో ఉండాలి. నడిమధ్యాహ్నం ఆ దిబ్బలు దిబ్బల్లా కనపడవు. అంతా ఒకే తెలుపు. ఎత్తేదో పల్లమేదో కంటికి ఆనదు. పొద్దు వాలేకొద్దీ నీడలు సాగుతాయి. సూర్యుడు దిగంతానికి 5 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఆరడుగుల మనిషి నీడ సుమారు 68 అడుగులు ఉంటుంది. అర అంగుళం ఎత్తున్న ఇసుక మడత కూడా దాదాపు ఆరంగుళాల నీడ పరుస్తుంది. నాయన చూసిన గొర్రు సాళ్ళన్నీ అప్పుడు లేచి నిలబడతాయి. సూర్యుణ్ణి ఎడమచేతి వైపో కుడిచేతి వైపో ఉంచుకుని నేలకు దగ్గరగా వంగి తీయండి. దీనికి మోకాళ్ళ మీద కూర్చోవాలి. మంచి చీర కట్టుకుని రావద్దని ఆడవారికి మనవి.

రంగుల సంగతి ఇంకా విచిత్రం. దిగంతం దగ్గర ఉన్న సూర్యుడి వెలుగు, నడినెత్తిన ఉన్నప్పటి కంటే సుమారు 38 రెట్లు ఎక్కువ గాలిలో నుంచి దూరి రావాలి. ఆ దారిలో నీలం వెలుగు చెదిరిపోయి పసుపూ ఎరుపూ మిగులుతాయి. నీడలో ఉన్న ఇసుక మీద మాత్రం సూర్యుడి వెలుగు పడదు, ఆకాశపు వెలుగే పడుతుంది. కాబట్టి అది నీలం. ఒకే దిబ్బకు ఒక పక్క పసుపు, ఇంకో పక్క నీలిమందు ఎక్కువైన పంచె రంగు. మన కంటికి ఇది అంతగా తోచదు. ఇసుక తెలుపని తెలుసు కనుక బుద్ధి సర్దేస్తుంది. ఫిల్ము సర్దదు. మాన్యుమెంట్ వ్యాలీ లాంటి చోట రాయికి దాని ఎరుపు దానికుంది. ఇక్కడి ఇసుకకు సొంత రంగు లేదు. ఆకాశం ఏది కడితే అది కట్టుకుంటుంది. డిజిటల్ కెమేరా వాడేవారు రంగును సరిచేసే పని కెమేరాకు వదిలేయకుండా "డేలైట్" దగ్గర పెట్టండి. లేకపోతే అది మహా ఉపకారం చేస్తున్నాననుకుని ఆ పసుపూ నీలం రెండూ కడిగేస్తుంది.

వేళ తెలుసుకోవడానికి గడియారం ఒక్కటే చాలదు. పంచాంగంలోనో పత్రికలోనో ఇచ్చిన సూర్యాస్తమయం చదునైన దిగంతానికి. ఇక్కడ పడమట కొండలున్నాయి. సూర్యుడు వాటి వెనక్కి కొన్ని నిమిషాల ముందే పోతాడు. మన ఊళ్ళలో "బారెడు పొద్దుంది", "మూరెడు పొద్దుంది" అంటారు కదా, ఆ లెక్కే మేలు. చేయి బారుగా చాచి, వేళ్ళు అడ్డంగా పెట్టి, సూర్యుడికీ కొండ అంచుకూ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో చూడండి. వేలుకు సుమారు పావుగంట. నాలుగు వేళ్ళున్నప్పుడు కారు దగ్గర నుంచి బయలుదేరితే, రెండు వేళ్ళున్నప్పటికి దిబ్బల్లో మీకు నచ్చిన చోట ఉంటారు.

మూడో తప్పు అన్నిటికంటే పెద్దది. సూర్యుడు దిగగానే కెమేరా సంచిలో పెట్టేశాము. అప్పుడు చూసినా, ఇప్పుడు చూసినా అక్కడికి వచ్చినవారిలో చాలామంది అదే చేస్తారు. బింబం కొండ వెనక్కి పోగానే చప్పట్లు కొట్టి కార్లు ఎక్కేస్తారు. సినిమాలో శుభం కార్డు పడగానే లేచినట్టు. అసలు కథ అప్పుడే మొదలు. తూర్పుకు తిరగండి. శాక్రమెంటో కొండల మీద నీలి బూడిద రంగు పట్టీ ఒకటి మెల్లగా లేస్తుంది. అది భూమి నీడ. భూమి తన నీడను తన చుట్టూ ఉన్న గాలి మీద వేసుకుంటున్నదన్నమాట. దాని పైన గులాబి రంగు పట్టీ. పదీ పదిహేను నిమిషాలు ఉంటుంది. ఆ గులాబి ఇసుకలోకి దిగుతుంది. అప్పుడు ఇసుకా ఆకాశమూ దాదాపు ఒకే వెలుగులో ఉంటాయి కనుక ఫిల్మయినా ఫోనయినా రెంటినీ ఒకేసారి పట్టుకోగలదు. ఒకటి తెలుపై ఇంకొకటి తారు కావలసిన పని లేదు.

మన ముఖాలు తీయడానికి కూడా అదే వేళ. పచ్చిగా చెప్పాలంటే మనవి చామనచాయ, నలుపు ముఖాలు. తెల్ల ఇసుకలో ఎండ ఉండగా తీస్తే ఇసుక గెలుస్తుంది, ముఖం ఓడుతుంది. సూర్యుణ్ణి వెనక పెట్టుకుంటే సరేసరి. పొద్దు గూకిన తర్వాత మనిషిని పడమటికి ముఖం పెట్టి నిలబెట్టండి. మీరు పడమటికి వీపు పెట్టండి. పడమటి ఆకాశమంతా ఒకే పెద్ద దీపంలా మెత్తగా ముఖం మీద పడుతుంది. కింద తెల్ల ఇసుక ఆ వెలుగును పైకి విసురుతుంది. కళ్ళ గుంటల్లో, గడ్డం కింద నీడలుండవు. స్టూడియోల వాళ్ళు తెల్ల గుడ్డలు పట్టుకుని పడే పాటు ఇక్కడ నేల చేసి పెడుతుంది. నాయనను ఆ సాయంత్రం ఒక్కసారి ఇటు తిప్పి నిలబెట్టి ఉంటే చాలు. ఇటు తిరుగు నాయనా అనడానికి ఎంతసేపు!

వెలుగు కరిగిపోతుంటే తొందరపడటం ఎంతటివారికైనా తప్పలేదు. ఇదే న్యూ మెక్సికోలో, హెర్నాండెజ్ అనే పల్లె దగ్గర, ఆన్సెల్ ఆడమ్స్ తన ప్రసిద్ధమైన చంద్రోదయం ఫోటో తీశాడు. కారులో పోతూ చూసి, ఆపి, పరుగున కెమేరా నిలబెట్టాడు. వెలుతురు కొలిచే మీటరు కనపడలేదు. సమాధుల శిలువల మీది ఎండ పోతోంది. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ అన్న సంగతి గుర్తుండటంతో నోటిలెక్కన తీశాడు. రెండోది తీసేలోపు ఎండ పోయింది. ఏ రోజు తీశాడో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. చంద్రుడి స్థానాన్ని బట్టి లెక్కగట్టి, 1941 నవంబరు 1 సాయంత్రం 4 గంటల 49 నిమిషాలని 1991లో తేల్చారు. మీటరు చేతిలో ఉండి కూడా పాడుచేసుకున్న మాకు ఈ కథ కొంచెం నొప్పి కలిగిస్తుంది లెండి.

1994లో అమ్మ వచ్చింది. నవంబరులో కార్తీక పౌర్ణమి పడింది. మన అమెరికా లెక్కన 17వ తేదీ సాయంత్రం. పనికి సెలవు పెట్టి వైట్ శాండ్స్‌కు తీసుకెళ్ళాము. నిండు చంద్రుడు ఇంచుమించు సూర్యుడు దిగే వేళకే తూర్పున లేస్తాడు కనుక, పౌర్ణమి నాడు గానీ ముందు రోజు గానీ వెళితే నేల మీద ఇంకా వెలుగుండగానే చంద్రుడు దొరుకుతాడు. ఈసారి మూడుకాళ్ళ స్టాండు, మీటరుకు చూపించడానికి బూడిద రంగు అట్టముక్క పట్టుకెళ్ళాము.

అమ్మ ఉపవాసం. పొద్దున్నుంచి నీళ్ళు తప్ప ముట్టలేదు. దిబ్బల మధ్య నిలబడి చుట్టూ చూసి, "ఇదేనా ఆయన జెప్పిన జిప్సం?" అంది. ఇంకేమీ అనలేదు. వంగి తాకి, వేళ్ళకు అంటిన పొడిని చీర కొంగుకు తుడుచుకుంది. మేము మూటగట్టుకోవద్దని చెప్పవలసిన పని లేకపోయింది. ఆమెకు ఆ కథ తెలుసు.

ఐదు దాటాక సూర్యుడు దిగాడు. కార్లు వెళ్ళిపోయాయి. అమ్మను పడమటికి తిప్పి నిలబెట్టాము. ఆమె వెనక తెల్లటి దిబ్బ, దిబ్బ వెనక కొండలు, వాటి మీద గులాబి పట్టీ. అట్టముక్కను ఆమె గడ్డం దగ్గర పట్టి వెలుతురు కొలిచాము. షట్టరు ఎనిమిదో వంతు సెకను తెరుచుకోవాలి. అంతసేపు కదలకూడదు. "ఊపిరి బిగబట్టుమ్మా" అంటే, పాతకాలం స్టూడియోలో కూర్చున్నట్టు చేతులు కట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి నిలబడింది. పండు ముత్తైదువుగా ఉన్న రోజుల్లో కూడా ఆమె అంత ఠీవిగా ఫోటో దిగలేదు. మూడు తీశాక చంద్రుడు కొండ మీదికి వచ్చాడు. అమ్మకు చెప్పకుండానే తెలిసింది. వెనక్కి తిరిగి దండం పెట్టుకుంది. మేము దాన్ని తీయలేదు. తీయాలని తోచలేదు.

వనభోజనాలకు వచ్చేవారికి కొన్ని మాటలు చెప్పాలి. దిబ్బల చుట్టూ క్షిపణులు పరీక్షించే సైనిక ప్రదేశం ఉంది. ఆ పరీక్షలప్పుడు రహదారినీ లోపలి రోడ్డునూ మూడు గంటల దాకా మూసేస్తారు. బయలుదేరే ముందు కనుక్కోండి. సాయంత్రం గేటు మూసే వేళ నెలను బట్టి మారుతుంది. లోపలికి పోయేటప్పుడే అడిగి తెలుసుకుని, గులాబి పట్టీకి పదిహేను నిమిషాలు, కారు దాకా నడవడానికి పదిహేను నిమిషాలు ఉంచుకోండి. చీకటిలో ప్రతి దిబ్బా ఒకేలా ఉంటుంది. టార్చిలైటు లేకుండా రోడ్డు కనపడనంత దూరం పోవద్దు. దిబ్బల్లో ఎక్కడా నీళ్ళు దొరకవు. 2015 ఆగస్టులో ఫ్రాన్సు నుంచి వచ్చిన దంపతులు ఆల్కలై ఫ్లాట్ అనే కాలిబాటలో పట్టపగలు ఎండకు తట్టుకోలేక చనిపోయారు. తమతో ఉన్న నీళ్ళు కొడుకుకు ఎక్కువగా తాగించినందువల్ల ఆ తొమ్మిదేళ్ళ పిల్లవాడు బతికాడు. మన వనభోజనాలు చలికాలంలోనే అయినా మనిషికి ఒక గ్యాలను నీళ్ళు మానవద్దు. లెన్సులు మార్చేవాళ్ళు ప్లాస్టిక్ సంచి లోపల మార్చుకోండి. జిప్సం గోటికి గీరుకుపోయేంత మెత్తనిదే గాని, కెమేరా లోపలికి పోతే వదలదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళుంటే వాళ్ళ పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి. పోయే దారిలోనో వచ్చే దారిలోనో సరిహద్దు కాపలావారి తనిఖీ తగులుతుంది.

అడుగుజాడల గురించి కూడా ఒక మాట. అడుగులు పడని దిబ్బ కావాలంటే అందరికంటే ముందుకు నడవండి. ముసలివాళ్ళను కూర్చోబెట్టకండి. గాలి ఒక రాత్రి వీస్తే అడుగులు చెరిగిపోతాయి.

కోడాక్రోం ఫిల్ము తయారీ 2009లో ఆగిపోయింది. 1986 నాటి స్లైడ్లు ఇంకా మా దగ్గర ఉన్నాయి. ఆ మధ్య పిల్లలు వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, చీకటిని వీలైనంత తేలిక చేసి చూశారు. ఒకదానిలో కండువా మడత కనపడింది. ముఖం మాత్రం రాలేదు.

అమ్మ ఫోటో ఏమైందో చెప్పడం మరిచాము. పన్నెండంగుళాల ప్రింటు వేయించి ఇచ్చాము. 1995 సంక్రాంతికి ఊరు చేరి, చిత్రావతి ఇసుక అన్న పెద్దమనిషి ఇంటికి తానే నడిచి పోయిందట. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఇసుకా నీడలూ కొండలూ అన్నీ చాలాసేపు చూసి, ఫోటో రెండు చేతులతో తిరిగి ఇచ్చి, ఒకటే అడిగాడట. "ఇంత జిప్సం పెట్టుకోని వాళ్ళు చెనిక్కాయ ఎందుకు ఎయ్యరంట?" అని. ఆయనకేం చెప్పమంటారని అమ్మ ఉత్తరం రాయించింది. వేస్తారు, ఇదే రాష్ట్రంలో తూర్పున పోర్టేల్స్ అనే ఊరి చుట్టుపక్కల వేరుశనగ బాగా పండుతుంది అని జవాబు రాశాము. నాయన ఉన్నప్పుడు ఆ సంగతి మాకు తెలియదు. తెలిసి ఉంటే మర్నాడు కారు అటే తిప్పేవాళ్ళము.